రంగు వేయని వైపు

ప్రభుత్వ తనిఖీ బృందం వెళ్లిపోగానే, రైళ్ల షెడ్డులో పెయింటరు తన బామ్మర్దిని పట్టుకున్నాడు. బామ్మర్ది అక్కడే బండ్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మార్చే షంటింగు డ్రైవరు.

"ఒకటో ప్లాట్‌ఫారం అని చెప్పాను కదరా. బండిని రెండో దాని మీద ఎందుకు పెట్టావు?"

"పొరపాటైపోయింది బావా."

"నేను రంగేసింది ఒకటో ప్లాట్‌ఫారం వైపు. నువ్వు తుప్పు పట్టిన వైపు చూపించావు. పెద్దసారు నన్ను చెడామడా తిట్టి బయటికి పంపేశాడు."

"అసలు ఒక్క వైపే ఎందుకు వేస్తావు?"

"వచ్చినవాళ్లు ఆ వైపే చూసి పోతారు కాబట్టి. పదేళ్లుగా అదే కదా పద్ధతి."

"ఇవాళ తనిఖీకి వచ్చినావిడ రైలు పెట్టె మీద వేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది."

"అయ్యో. సారు ఏమన్నాడు?"

"పెట్టెలు ఎన్నేళ్లవని ఆవిడ అడిగితే, మొన్ననే రంగేశాం అన్నాడు. నలభై రెండేళ్లవని నేనే చెప్పాను."

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

"ముప్పై ఆరు పెట్టెలూ రేపటినుంచి పట్టాలెక్కకూడదని అక్కడే సంతకం పెట్టింది బావా. కొత్తవి వచ్చేదాకా పక్క డిపో బండ్లు నడుస్తాయి."

"అంటే మీ అక్క ఇక ఆ డొక్కులో ఆఫీసుకి వెళ్లక్కర్లేదా?"

"అక్కర్లేదు."

పెయింటరు చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు.

"ఒరేయ్, ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు ప్లాట్‌ఫారం తప్పావు?"

"ఇదే మొదటిసారి."

"సాయంత్రంలోగా సంజాయిషీ అడుగుతారు. ఏం రాస్తావు?"

డ్రైవరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"నిన్ననే రాసేశాను బావా. తేదీ మాత్రం ఇవాళ్టిది వేశాను."