వద్దనే ఫైలు

దసరా సెలవులయ్యాక హాస్టళ్ళు తెరిచిన వారం. రాజమండ్రిలో కాలేజీ కంప్యూటర్లు చూసే చిన్న ఆఫీసులో, ఓనరు ఉదయభాస్కర్ తన దగ్గర పనిచేసే సత్యకుమారిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"అదే చెబుతున్నాను సత్యకుమారీ. ప్రిన్సిపాల్ గారి దగ్గర 'తప్పు నాదే' అనెయ్యి, సరిపోతుంది."

"అనేసి, ఉద్యోగం పోగొట్టుకోమంటారా?"

"మరి 'మీ అబ్బాయి హాస్టల్లో లేడు' అని తల్లిదండ్రులందరికీ మెసేజ్ వెళ్ళిందా లేదా? పట్టిసీమ నుంచి ఒకావిడ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిందట."

"ఆవిణ్ణి నేను చూశానండి. మీరు చూళ్ళేదు. అది ఉత్త ట్రయల్ మెసేజ్. అందుకే సర్వర్లోనే విడిగా ఒక గదిలాంటిది కట్టి, మెసేజ్‌లు పంపే కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ మొన్న అందులో ఎక్కించాను."

"విడి గదైతే బయటికెలా వెళ్ళింది?"

"గది వేరైనా మెసేజ్‌లు బయటికి పంపే మోడెమ్ ఒక్కటేనండి. ప్యాకేజీ ఎక్కగానే మనల్ని అడక్కుండా సర్వీసు స్టార్టయిపోతుంది. అందుకే ఆ గదిలో ఒక ఫైలు పెట్టాను. 'స్టార్ట్ చెయ్యనా' అంటే 'వద్దు' అంటుంది. సెలవుల ముందు మీకు చూపించాను కూడా."

"ఫోను మోగుతోంది, ఎవరో చూడు."

"హాస్టల్ వార్డెన్ గారు. నిన్నట్నుంచీ మీకే చేస్తున్నారు."

"కట్ చెయ్యి. తిట్టడానికే."

"ఇప్పుడు చూస్తే ఆ ఫైలు లేదండి. ఆయుధపూజ రోజు ఆ మిషన్ దగ్గర కూర్చుంది మీరే."

"కూర్చుంటే?"

"కూర్చుని ఏం చేశారు?"

"బొట్టు పెట్టాను. నిమ్మకాయ పెట్టాను. అదే... పూజ చేసిన మిషన్లో వద్దు, వద్దు అనే ఫైలేంటి, అపశకునం కదా అని..."

"అని?"

"తీసేశాను."

"తీసేసి, నాకు చెప్పలేదు."

"చెబుదామనే..."

"ఇప్పుడు నన్ను ఒప్పుకోమంటున్నారు. అసహ్యమేస్తోందండి, నిజంగా."

"నీకేంటమ్మా, ఇంకోచోట దొరుకుతుంది. నాకు కాంట్రాక్టు పోతుంది. అయినా ఇంత రాద్ధాంతం దేనికి? మావాడూ ఆ హాస్టల్లోనే ఉన్నాడు, నాకూ వచ్చింది ఆ మెసేజ్. నేను కంగారు పడ్డానా? నవ్వుకుని డిలీట్ కొట్టాను."

"మళ్ళీ వార్డెన్ గారే. నేను ఎత్తుతున్నాను. హలో... ఆ, చెప్పండి... అందర్నీ చూశారా?... సరేనండి, చెబుతాను."

"ఏంటట? కాంట్రాక్టు సంగతేనా?"

"ఆ మెసేజ్ గొడవకి పిల్లలందర్నీ పిలిచి చూశారటండి. అందరూ ఉన్నారు. మీ మణిదీప్ ఒక్కడే లేడట. నిన్నట్నుంచీ ఆ మాట చెప్పడానికే చేస్తున్నారట."