ఒక ప్యాకెట్ మిగలాలి

పోలండ్‌లో సానొక్ ఊరి చివర ఒక పాత ఇల్లు. ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకీ నేలలు పరిచి, తన ఇంటికి మాత్రం ‘వచ్చే ఏడు’ అంటూ గడిపేసిన కాజిక్‌ని వచ్చే గురువారం ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నారు. అతని భార్య బొగ్నా, అతని దగ్గరే పని నేర్చుకున్న తమ్ముడు జెనెక్ గదులు కొలుస్తున్నారు.

“...సరిగ్గా పట్టుకో వదినా. టేపు వేలాడితే లెక్కా వేలాడుతుంది. నాలుగు మీటర్ల ఇరవై.”

“అడ్డం?”

“మూడు అరవై. పదిహేను చదరపు మీటర్లు వేసుకో. ఈ గది ఒక్కటీ పరిచేద్దాం, చాలు.”

“ఒక్కటేంటి? మరి నడవా?”

“నడవా తర్వాత చూద్దాంలే.”

“తర్వాతంటే ఎప్పుడు జెనెక్? ఆ చెక్కలన్నీ ఎత్తుపల్లాలు. చక్రాల కుర్చీ గాల్లో ఎగిరి వంటింట్లోకి వస్తుందా?”

“అన్న ఎలాగూ మంచం మీదే కదా ఉం... సరే, సరే. పట్టు. నడవా పొడవు అయిదు, అడ్డం ఒకటీ నలభై. ఏడు. మొత్తం ఇరవై రెండు.”

“మంచం కింద జాగా తీసేశావా ఏంటి?”

“ఎందుకు తీస్తాను? నేనేం దొంగ మేస్త్రీనా?”

“కొందరు తీసేస్తారుగా, కనపడదని. వాళ్ళని మీ అన్న ఏమంటాడో గుర్తుందా?”

“గుర్తులేకేం. ‘పైన కోటు వేసుకుంటాం కదా అని చొక్కా వీపు చింపుకుంటామా’ అనేవాడు.”

“అనేవాడేంటి? అంటాడు.”

“అంటాడు. అంటాడు వదినా. ఇప్పుడు ఈ లామినేట్ పలకలు చూస్తే ఇంకేమంటాడో! ‘నా ఇంట్లో కాగితం మీద అచ్చేసిన చెక్కా?’ అని నన్ను ఉతికి ఆరేస్తాడు.”

“తిట్టనీ. తిట్టేంత ఊపిరి ఉంటే అదే పదివేలు. తరుగు ఎంత వేస్తున్నావు?”

“పదికి ఒకటి. కోతలకి పోయేది కలిపితే... ఇరవై నాలుగూ చిల్లర. ప్యాకెట్‌కి రెండుంపావు వస్తుంది. పదకొండు ప్యాకెట్లు.”

“పన్నెండు రాయి.”

“పదకొండు చాలు వదినా. నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?”

“లెక్క తప్పని కాదు. మిగిలింది మంచం కింద పెడదాం. రోజూ కుర్చీ తిరిగితే పలకలు అరగవా? అయిదేళ్ళ తర్వాత ఈ రంగు దొరుకుతుందా నీకు?”

“అయిదేళ్ళా...”

“ఏం? దొరుకుతుందా?”

“దొరకదు. దొరకదు వదినా.”

“మరి? మీ అన్న సూత్రమే కదా ఇది. చాలా కాలం ఉండేవాళ్ళు ఒకటి ఎక్కువ కొంటారు, వదిలేసి పోయేవాళ్ళు సరిపడా కొంటారు.”

“ఆ కిటికీ మూయి. కంట్లో దుమ్ము పడింది.”

“కిటికీ మూసే ఉంది జెనెక్. రా, గడపల సంగతి చూడు. గదిది పీకెయ్యి, వంటింటిది పీకెయ్యి, స్నానాల గదిది కూడా.”

“మూడేనా? వీధి గడపో? అన్నిటికంటే అదే ఎత్తు. కుర్చీ ముందు అక్కడే తట్టుకుంటుంది.”

“అది వద్దు.”

“వద్దంటే ఎలా? రంపం పెడితే పది నిమిషాల పని.”

“వద్దన్నానా! ఇదిగో, ఇటు చూడు. ఈ నొక్కు ఎక్కడిది?”

“నాకు తెలీదా? అమ్మని తీసుకెళ్ళినప్పటిది. బయటికి దాటేముందు శవపేటికని గడపకి మూడుసార్లు ఆనించాలి కదా, ఇంటికి సెలవు చెప్పినట్టు. ఏడుపులో చెయ్యి అదుపు తప్పి గట్టిగా కొట్టాను.”

“గట్టిగానా! సమ్మెట వేసినట్టు వేశావు. ‘మెల్లగా రా, అమ్మకి వినపడిందిలే’ అన్నాడు మీ అన్న. ఏడుస్తున్న వాళ్ళం కూడా నవ్వాం.”

“ఆ నొక్కు మీద ప్రేమతో గడప ఉంచుతావా? మరి అన్నని లోపలికి ఎలా తెస్తాం?”

“నువ్వొక పక్క, నేనొక పక్క పట్టి ఎత్తుదాం. ఒక్కసారే కదా.”

“ఒక్కసారేంటి? ఎండకి బయటికి రాడా? ఆదివారం చర్చికి వెళ్ళడా? మే నెలలో నాతో చేపలు పట్టడానికి...”

“చాల్లే జెనెక్. డాక్టరమ్మ నీకు మంగళవారం చెప్పింది. నాకు సోమవారమే చెప్పింది.”

“వదినా!”

“మూడు వారాలంది. నీకూ అంతేనా?”

“నాకు రెండంది.”

“ఆ గడప కోసేస్తే ఎక్కడ ఆనిస్తారురా? ఏ చెక్కకి చెప్పి వెళ్తాడు మనిషి?”

“ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను నిలబడలేను. నాకు ముందే చెప్పొచ్చుగా? నాలుగు రోజుల్నుంచీ నోరు కుట్టుకుని తిరుగుతున్నాను.”

“నువ్వు చెప్పావా?”

“ఎలా చెప్పను? చక్రాల కుర్చీ అని, అయిదేళ్ళని నువ్వు అంటుంటే నా గుండె చెరువైపోయింది. గడప ముట్టుకోను, సరేనా? పదకొండు ప్యాకెట్లే తెస్తాను. ఇంక పన్నెండోది దేనికి?”

“పన్నెండే తీసుకురా. అతనికి ఎవరూ చెప్పలేదు జెనెక్. ఇంట్లోకి రాగానే ముందు మంచం కింద ప్యాకెట్ మిగిలిందా అనే చూస్తాడు.”