మొహం తీసేసిన ఫొటో సంగతి

నా పేరు, చిరునామా పై కాగితంలో రాయించాను. వయసు నలభై రెండు. వృత్తి కంప్యూటర్ నేర్పడం. సైకిళ్ల దుకాణం పైగదిలో ఆరు కంప్యూటర్లు పెట్టుకుని పదకొండేళ్లుగా నడుపుతున్నాను. వీధిలో అందరూ నన్ను నెట్ మాస్టారు అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టం. నిన్నటిదాకా ఇష్టం. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ పట్టుకురాలేదు. నా అంతట నేనే వచ్చానని రాయించబోతే నోరు రాలేదు. మా చెల్లెలు పంపిస్తే వచ్చాను. అలాగే రాయండి.

మా చెల్లెలు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. ఆమెతో పాటు పనిచేసే ఒకావిడను అక్కడ అందరూ పెద్దక్క అంటారు. ఇప్పుడు ఈ స్టేషన్ వరండాలో నా పక్కనే బల్ల మీద కూర్చున్నది ఆవిడే. లాండ్రీ యజమాని ఫిర్యాదు ఆవిడ మీదే. చేతులకు రంగు పూసుకుని ఫొటో తీయించుకుందని, దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి లాండ్రీ పరువు తీసిందని ఆయన రాసిచ్చాడు. ఆ ఫొటో తీసింది నేను. పెట్టింది నేను. దాని కింద మాటలు రాసింది నేను. ఆవిడకు చదవడం రాదు, ఫోన్ లేదు.

పోయిన ఆదివారం ఉదయం పది గంటలకు చెల్లెలు ఆవిడను నా గదికి తీసుకొచ్చింది. మరకలు తీసే మందులో పెట్టీ పెట్టీ ఆవిడ అరచేతులు, వేళ్ల కొనలు కాలిపోయి ఉన్నాయి. చర్మం ఎర్రగా, నున్నగా అయిపోయింది. గ్లౌజులు ఎప్పుడో చిరిగిపోయాయట. కొత్తవి అడిగితే సూపర్‌వైజరు "అంత సుకుమారమైతే ఇంట్లో కూర్చో" అన్నాడట.

"దీనికింత దిగులెందుకు? నెట్‌లో పెడదాం. ప్రపంచమంతా చూస్తుంది" అన్నాను నేను.

"నేనని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు బాబూ. నా మనవరాలికి నేను తప్ప ఎవరూ లేరు" అంది పెద్దక్క.

"ఎలా తెలుస్తుందక్కా? మొహం ఉండదు, పేరు ఉండదు. కోట్లమంది తిరిగే చోట నీ చేతులెవరు గుర్తుపడతారు? పైగా ప్రైవేటు విండోలో పెడతాను. దేవుడిక్కూడా తెలియదు."

"నిజమేనా అన్నయ్యా?" అని చెల్లెలు అడిగింది.

నాకు ఒళ్లు మండింది. "ఏంటి, నన్నే అడుగుతున్నావా? పదకొండేళ్లుగా నేనిక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నానా?" అన్నాను. ఆ మాట అన్నానని కూడా రాయండి.

ప్రైవేటు విండో గురించి అధికారి గారు ఈ ఉదయం నాకు వివరించారు. దాన్ని మూసేస్తే మన కంప్యూటర్లో మాత్రమే ఆనవాళ్లు మిగలవట. అవతలి వెబ్‌సైటుకు, మనకు కనెక్షన్ ఇచ్చినవాడికి మనం కనబడుతూనే ఉంటామట. నేను ఇక్కడికి రాకుండా నోరు మూసుకున్నా, కనెక్షన్ ఎవరిదో రేపటికల్లా తెలిసిపోయేదని అన్నారు. ఇన్నేళ్లుగా నేను దీన్ని తప్పుగా నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంతమందో నాకే గుర్తులేదు.

విషయానికి రమ్మని అధికారి గారు అంటున్నారు. వస్తున్నాను.

బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, పెద్దక్క చేతులు దాని మీద పెట్టించి ఫొటో తీశాను. మొహం కూడా పడింది. మెడ దాకా కత్తిరించేశాను. కత్తిరించి, చూడక్కా ఎంత శుభ్రంగా వచ్చిందో అని చూపించాను. ఆవిడ తల ఊపింది. లాండ్రీ పనివాళ్లు కష్టసుఖాలు చెప్పుకునే పేజీ ఒకటి మన భాషలో ఉంది. అందులో ఒక దొంగ పేరుతో పెట్టాను. సాయంత్రానికి వందమంది పైగా చూశారు. చూశావా ప్రపంచం అని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను.

ఆ పేజీలో చూసినవాళ్ల పేర్లు కనబడతాయి. ఆ వందమంది ఎవరో నిన్న కూర్చుని ఒక్కొక్కరినీ చూశాను. సూపర్‌వైజర్లు, సబ్బుల ఏజెంట్లు, మిషన్లు అమ్మేవాళ్లు, యజమాని అల్లుడు. బట్టలు ఉతికే మనిషి ఒక్కరూ కనబడలేదు. "ఈ రోజుల్లో నెట్ లేనివాళ్లెవరు?" అని క్లాసులో రోజూ అంటుంటాను. చెల్లెలితో పనిచేసే ఆడవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది నలుగురికట. మిగతావాళ్లు మొగుడి ఫోనో, కొడుకు ఫోనో వాళ్లు ఇచ్చినప్పుడు పట్టుకోవడమే. ఆ నలుగురి ఫోన్లు కూడా పని వేళంతా గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. ఎవరి పేరు మీద ఆ పేజీ నడుస్తోందో వాళ్లే అందులో లేరు. నేను మాత్రం ప్రపంచం అన్నాను.

సోమవారం ఉదయం సూపర్‌వైజరు మడత గదిలోకి వచ్చి, తిన్నగా పెద్దక్క దగ్గరికే నడిచి వెళ్లాడు. ఎలా కనిపెట్టాడని చెల్లెల్ని అడిగాను.

"ఆసుపత్రి బట్టలు కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాకు మాస్కు, టోపీ ఉంటాయి" అంది. "దుప్పటికి చెరో కొస పట్టుకుని ఇద్దరిద్దరం మడతపెడతాం. మొహాలు ఎవరికి తెలుసు? బస్సులో ఎదురుపడితే ఒకరినొకరం పోల్చుకోలేం. చేతులు చూస్తే మాత్రం ఎవరో చెప్పేస్తాం. పెద్దక్క చిటికెన వేలు ఇస్త్రీ మిషన్లో పడి వంకర తిరిగింది. అది తెలియనివాళ్లు లాండ్రీలో లేరన్నయ్యా. నన్ను ఒక్క మాట అడగాల్సింది."

నేను మొహం తీసేశాను. చేతులు వదిలేశాను. చెల్లెల్ని అడగలేదు.

పెద్దక్కను ఆ రోజే పనిలోంచి తీసేశారు. మంగళవారం ఫిర్యాదు వచ్చింది. ఎవరు పెట్టారని రోజూ ఇక్కడికి పిలిపించి అడిగితే ఆవిడ "నేనే పెట్టించాను" అందట. మా చెల్లెలి పేరు చెప్పలేదు. నా పేరూ చెప్పలేదు. మంగళవారం నాకు తెలిసింది. బుధవారం క్లాసు చెప్పాను. గురువారం కూడా చెప్పాను. నన్ను ఎవరూ కనిపెట్టలేరన్న ధైర్యం నాకు ఉండేది. ఆ ధైర్యం తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. నిన్న సాయంత్రం చెల్లెలు వచ్చి క్లాసులో అందరి ముందూ అడిగింది, "నువ్వు వెళ్తావా, నన్ను వెళ్లమంటావా?" అని. ఆమె ఒక్కో కంప్యూటరూ ఆపేసి వెళ్లిపోయింది.

మరొక్క సంగతి రాయమని వేడుకుంటున్నాను. ఇందాక నా ఎదుటే పెద్దక్క వాంగ్మూలానికి కానిస్టేబుల్ గారు బొటనవేలి ముద్ర తీసుకున్నారు. మొదటిసారి నల్లటి మచ్చ పడింది.

"గట్టిగా నొక్కమ్మా" అన్నారాయన.

"నొక్కుతున్నాను బాబూ" అందావిడ.

వేలు తుడిచి మళ్లీ వేయించారు. మళ్లీ మచ్చే. గీత ఒక్కటి కూడా పడలేదు. రంగు పూసుకుందని యజమాని అంటున్నాడు. రంగైతే కడిగితే పోవాలి, గీతలు కనబడాలి. ఆ కాగితాన్ని, ఆ చేతుల్ని డాక్టరుకు చూపించమని అధికారి గారిని కోరుతున్నాను. తప్పు నాది. నా మీద ఏ కేసు పెట్టినా ఒప్పుకుంటాను. ఆవిడను ఇంటికి పంపండి.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. నాకు సంతకం వచ్చు, సంతకం చేశాను. వేలిముద్ర కూడా వేస్తానని నేనే అడిగాను. ఒక్కసారికే పడింది, గీతలన్నీ స్పష్టంగా. సిరా తుడుచుకుంటుంటే పెద్దక్క వంగి కాగితం వంక చూసి, "నీది బాగా పడింది బాబూ" అంది. అది కూడా రాయించాను.

సంతకం
ఎడమచేతి బొటనవేలి ముద్ర