గట్టిమేళం మోగించిన హెడ్‌ఫోన్లు

"బస్సులోకి ఏది కొనాలి మావా, సెవిలో దూర్చుకునే బుడిపెలా, తలకి తగిలించుకునే పెద్దవా?" అని దేవేంద్ర అడగడమే తప్పయింది.

రాజాం బస్టాండు ఎదురుగా ఉన్న అసిరమ్మ టీ కొట్టు అది. దేవేంద్రకి విజయనగరంలో మందుల షాపులో ఉద్యోగం వచ్చి వారమైంది, పోనూ రానూ బస్సులో నాలుగు గంటలు. అడిగింది డోలు మేస్టారు అప్పలనరసింహాన్ని. ఆయనా ఆ బస్సులోనే వెళ్లి విజయనగరంలో పిల్లలకి డోలు నేర్పుతారు. మెడలో ఎప్పుడూ నల్లటి పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. ఆయన మాట సగం కొట్టేసి వినాలని, ఆ మిగిలిన సగాన్నీ ఓసారి జల్లించుకోవాలని కొట్టుకొచ్చే వాళ్లందరికీ తెలుసు. కొత్త మనిషి ఆ పొద్దున ఒక్కరే, బెంచీ చివర కూర్చున్న రైతు జగన్నాధం. కూతురు పెళ్లికి మేళం మాట్లాడదామని తాంబూలం పళ్లెం పట్టుకొచ్చారు. ఇంకా ఇవ్వలేదు. పళ్లెం ఒళ్లోనే ఉంది, దాని మీద చెయ్యీ ఉంది.

"బుడిపెలా? ఒరే, ఆటి పేరెత్తకు. నేనూ కొన్నాను. బొబ్బిలి దగ్గర గతుకులో బస్సు ఎగిరిపడితే కుడిసెవిది ఊడి ఎల్లి ముందు సీట్లో ముసలమ్మ ఎండుసేపల గంపలో పడిపోనాది. ఎంత ఎతికినా దొరకలేదు, పోతే పోనీ అనుకున్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మర్నాడు ముసలమ్మ సంతలో కూకుంటే గంపలోంచి కీర్తన. సేపలు పాడుతున్నాయని జనం మూగీసి అరగంటలో గంప కాళీ సేసీసారు."

"సేపలు ఏ రాగం పాడాయి మేస్టారూ?" అంది అసిరమ్మ.

"మోహన. నన్ను కాదు, పాలు సూసుకో, పొంగిపోతాయి. అందుకని ఇవి కొన్నాను. ఇవి ఊడవు. పైగా బయట సప్పుడు మింగెస్తాయి. మొదట్రోజు కండక్టరు నా పక్కన నిలబడి టికెట్ టికెట్ అని అరిసాడు, ఆడి నోరు కదలడం తప్ప నాకేటీ తెల్దు. వారం పోయాక నా సుట్టూ ఐదు వరసల్లో ఎవలికీ ఏటీ ఇనబడ్డం మానీసింది. సంటిగుంట ఏడిస్తే తల్లికి ఇనబడదు. నెల పోయాక డ్రైవరు హారన్ కొడితే గేదె కదల్దు, మరి సప్పుడు బయటికి రావాల కదా. డ్రైవరు బండాపి ఎనక్కొచ్చి, మేస్టారూ, ఈ ఊరు దాటేదాకా తీసీండి బాబూ అని దండం పెట్టాడు."

జగన్నాధం నవ్వలేదు. "అయితే అవి పెట్టుకుంటే మీకేటీ ఇనబడదన్నమాట."

"పిడుగు పడినా ఇనబడదు" అన్నారు మేస్టారు గొప్పగా.

"ఊఁ" అని జగన్నాధం పళ్లేన్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు. ఆ లాక్కోవడం మేస్టారు చూశారు. ఆయనకది నచ్చలేదు. గొంతు పెంచారు.

"మరి మింగిన సప్పుడంతా ఎక్కడికెల్తాది? ఈ మెత్తల్లోనే ఉంటాది. ఆర్నెల్లయ్యేసరికి నా మెడ వంగిపోనాది, ధాన్యం బస్తా ఏలాడదీసినట్టు. అప్పుడొచ్చింది గజపతినగరం పెళ్లి. అసలు తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తాం? ఆ గడియలో తుమ్ము, ఏడుపు, సెడ్డమాట ఏదీ పెళ్లికూతురు సెవిన పడకూడదని. మన పెద్దోళ్లు కనిపెట్టిన హెడ్‌ఫోనే అది, కాపోతే పందిరంతటికీ ఒకటే. పురోహితుడు గట్టిమేళం అన్నాడు, నేను ఒక్క దెబ్బ ఏసాను, డోలు తోలు సిరిగి ఊరుకున్నాది."

"మీరెక్కడ కూసున్నారు అప్పుడు?" అన్నారు జగన్నాధం.

"పీటలకి కుడిపక్క. పెళ్లికూతురు రాణి నాకేసే సూస్తన్నాది."

"పేరు కూడా గుర్తున్నాదే."

"గుర్తుండదేటి? ఆ తర్వాత ఏటైందో తెలుసా? మెళ్లోవి తీసాను, మెత్తలు బయటికి తిప్పాను, రెండు సేతుల్తో ఒక్క నొక్కు నొక్కాను. ఆర్నెల్ల బస్సు సప్పుడు ఒక్కసారి బయటపడ్డాది. హారన్ సన్నాయి అయిపోయింది, ఇంజను డోలు అయిపోయింది, కండక్టరు విజిలు తాళం ఏసింది. ఆదితాళంలో, ఒక్క మాత్ర తప్పలేదు. బొబ్బిలోళ్లు పెళ్లి తమ ఊళ్లోనే అనుకుని అక్షింతలు ఏసీసారు. రాయగడలో ఇంకో పెళ్లి, ఆళ్ల మేళం ఇంకా రాలేదంట, మన మేళం ఇని అక్కడా తాళి కట్టీసారు. ఒక్క మేళానికి రెండు రాష్ట్రాల్లో రెండు పెళ్లిళ్లు."

దేవేంద్ర చప్పట్లు కొట్టబోయి ఆగాడు. జగన్నాధం టీ గ్లాసు కింద పెట్టారు.

"ఆ రాణి మా అన్నయ్య కూతురు మేస్టారూ."

అసిరమ్మ పాలగిన్నె దించేసి ఇటు తిరిగింది.

"పీటలకి కుడిపక్క కూసున్నది నేను. ఆ ఊరి సన్నాయి ఆయన వచ్చాడు, డోలు రాలేదు. పురోహితుడు గట్టిమేళం అంటే వంటోళ్లు గరిటెల్తో పళ్లాలు వాయించారు. ఆ సందులో మా పెద్దమ్మ తుమ్మింది. ఆ తుమ్ము మా వదిన సెవిలో ఇంకా ఉన్నాది. మీరేటయ్యారో తర్వాత కనుక్కున్నాం. ఇవి తగిలించుకుని నిద్దరోయి విజయనగరం బస్సు కాంప్లెక్సులో లేచారు. కండక్టరు గజపతినగరం అని మూడుసార్లు అరిసాడంట."

మేస్టారి తల వంగిపోయింది. "పిడుగు పడినా ఇనబడదని నేనే సెప్పాను కదా బాబూ" అన్నారు. "తొమ్మిది నెల్లయింది. ఆ రోజునుంచి ఒక్కలూ తాంబూలం పట్టుకు రాలేదు. సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఇలగ కోతలు కోసుకోపోతే టీ కూడా గొంతు దిగదు."

"నేనూ రాకపోదును. మా తులసి శ్రీముఖలింగం గుడిలో మీ డోలు ఇన్నాది. ఆ డోలు లేకపోతే పీటల మీద కూకోనంటన్నాది. మీరు నిజం సెప్తారేమోనని ఇంతసేపూ సూసాను." జగన్నాధం చెయ్యి చాపారు. "అవి ఇలాగివ్వండి."

మేస్టారు హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చారు. జగన్నాధం వాటిని తువ్వాలులో మూట కట్టుకుని, అప్పుడు తాంబూలం పళ్లెం అందించారు. "పదకొండో తారీకు ముహూర్తం. తాళి పడ్డాక ఇవి పట్టుకెళ్లండి."

మేస్టారు పళ్లేన్ని కళ్లకద్దుకున్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"మరి నేనేది కొనాలి?" అన్నాడు దేవేంద్ర.

"ఏదన్నా కొనుక్కో. దిగే ఊరు రాకముందే తీసీయ్" అంది అసిరమ్మ.

ఇంతలో విజయనగరం బస్సు వచ్చి ఆగింది. దేవేంద్ర పరుగెత్తి ఎక్కాడు. మేస్టారు కూడా లేచి రెండడుగులు వేశారు గానీ, ఉండబట్టలేక వెనక్కి తిరిగారు. "ఇంతకీ ఆ వంటోళ్లు వాయించిన పళ్లాలున్నాయి కదా, ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"తెలుసు మేస్టారూ" అంది అసిరమ్మ. "మీ బస్సెల్లిపోతన్నాది."

హారన్ కొట్టుకుంటూ బస్సు మలుపు తిరిగింది. జగన్నాధం ఒళ్లోని మూటకేసి చూశారు, మేస్టారి ఖాళీ మెడకేసి చూశారు.

"మీరు పదో తారీకే మా ఇంటికొచ్చి పడుకోండి" అన్నారు.