తొమ్మిది చుక్కల సగటు

హలో… ఆ, నేనే సార్, మధుకర్‌ను… కోరుట్లల ఫోటో స్టూడియో… అవ్ సార్, లెక్కలు రాక మీతోని గోడకుర్చీ ఏయించుకున్న మధుకర్‌నే.

శిబిరంల ఉన్నరా? నినాదాలు వినవడుతున్నయి… తెలంగాణ సమ్మె గదా, బడి ఉండదని ఫోన్ చేసిన. ఒక లెక్క అడగాలె… నవ్వకుండ్రి సార్.

మెట్‌పల్లి రోడ్డు మీద వంటావార్పు అయినప్పుడు అంజవ్వను ఫోటో తీసిన… బీడీలు చేసే అంజవ్వ… పోయింది సార్, జరమచ్చి… రేపు దినాలు. ఆమెకు ఇంకో ఫోటోనే లేదు. బిడ్డ రాజమణి పెద్దగ చేసియ్యమన్నది.

చేసిన… ఉత్తగ చేస్తే నా తెలివి ఏంగావాలె? మొఖం నిండ అమ్మతల్లి పోసిన మచ్చలుండె. కంప్యూటర్ల నున్నగ చేసే ఫిల్టర్ కొట్టిన. ఒక్కసారి గాదు, ఆరుసార్లు. పెండ్లిపిల్లలకు కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి…

రాజమణి చూసి, 'గీమె మా అవ్వ గాదన్నా' అన్నది.

అసలుదా?… దాని మీదనే సేవ్ కొట్టిన. కెమెరాల కార్డు ఖాళీ చేసి ధూంధాం ఆటపాటల ఫోటోలు తీసిన… తిట్టుండ్రి సార్, తక్కువనే తిట్టిండ్రు.

అందుకే… ఆ ఫిల్టర్ లోపల ఏం లెక్క నడుస్తది? ఉల్టా కొడితే మచ్చలు అస్తయా?

ఆ… ఫోటో అంత చుక్కలేనా… ఒక్కో చుక్కకు ఒక నంబరు… తెలుపైతే పెద్దది, నలుపైతే చిన్నది… చుట్టు ఎనిమిది, నడుమ అదొకటి… అన్ని కలిపి తొమ్మిదితోని భాగిస్తదా? గంతేనా? సగటు!… ఇన్నేండ్లు దాన్ని నా కళ అనుకున్న సార్.

అంటే మచ్చ పక్క చుక్కలల్ల కలిసిపోయింది… మరి ఎనుకకు?… రెండు నంబర్ల సగటు అయిదైతే అవేంటియా?… నాలుగు, ఆరో… ఒకటి, తొమ్మిదో… ఏమో సార్, ఎట్ల తెలుస్తది?… ఓ… కంప్యూటర్‌కు గూడ తెల్వదా.

చేతితోనా?… పెట్టచ్చు, కంప్యూటర్ల బ్రష్‌తోని… ఏడేడ ఉండెనా?…

సార్… యాదికస్తలేదు. తుడిచేటప్పుడు మచ్చలని చూసిన గని మొఖం చూడలే. సిగ్గయితుంది సార్.

ఆగుండ్రి… రాజమణి మళ్ళ అస్తుంది. కరెంటు పోయి ఖరాబైందని చెప్పనా?… లేదు సార్… చెప్ప.

రా చెల్లె, కూసో… మీ అవ్వ మొఖం నేనే తుడిచేసిన. కరెంటుది తప్పు గాదు, నాదే… మళ్ళ పెడ్త. ఏడేడ మచ్చలుండెనో నీ మొఖం మీద ఏలు పెట్టి చూపియ్యి… ఏడ్వకు చెల్లె… ఆ, గదుమ దగ్గర… ఇంకోటి?—

సార్, పెట్టేస్తున్న.