కిటికీ గట్టు మీద రాళ్లు

బట్టలు ఉతకాలి, గది ఊడవాలి, సాయంత్రంలోపు కాలేజీలో మెయిన్ సబ్జెక్టు ఏదో చెప్పాలి. మొదటి రెండూ పొద్దున్నే అయిపోయాయి.

“ఏమే, ఇంకా తేల్చుకోలేదా?”

“లేదమ్మా. అందరూ కామర్స్ అంటున్నారు. మనింట్లో కాలేజీ మొహం చూసినవాళ్లే లేరు, ఎవర్ని అడగను?”

“నన్నడుగు.”

“నీకేం తెలుసమ్మా?”

“వానొస్తే ఈ కిటికీ మూతపడదని తెలుసు. గట్టు నిండా నీ రాళ్లే!”

“అయ్యో, జాగ్రత్త! ఆ నల్లది ఒకప్పుడు నిప్పులా కరిగి పారిందమ్మా.”

“వందసార్లు చెప్పావులే. కామర్స్ గురించి ఒక్కసారైనా చెప్పావా?”

“...రాళ్ల చదువుకి ఉద్యోగం రాకపోతే?”

“వెతుక్కుందువుగాని. ఇష్టంలేని చదువుకి మాత్రం ఇంటికొచ్చి ఇస్తారా?”

జియాలజీ అని చెప్పి వచ్చాను. మీరూ ఎటూ తేల్చుకోలేకపోతే, కిటికీ మూయలేక విసుక్కున్న మా అమ్మను ఒకసారి తలుచుకోండి.