అడుగు కనిపించే నీళ్లు

1975 కార్తీకమాసం. తెనాలి స్టేషనులో బాపట్ల పాసింజరు కోసం భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్లో అట్లాసు ఉంది.

"బార్బడోస్ వెళ్దామా, జమైకా వెళ్దామా? నువ్వే చెప్పు."

"అవి క్రికెట్ ఆడేవాళ్ల ఊళ్లు కదండీ. అంత దూరం మనకెందుకు?"

"అక్కడ వీపుకి గాలి సిలిండర్ కట్టి సముద్రం అడుగుకి తీసుకెళ్తారట. మద్రాసులో కనుక్కున్నాను."

"సముద్రం పేరెత్తొద్దని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. సూర్యలంకలో పిల్లని మింగింది చాల్లేదా?"

"అందుకేనే. మన దగ్గరంతా బురదనీళ్లు. వలలేసి వెతికినా దొరకలేదు. అక్కడైతే అడుగుదాకా కనిపిస్తుందట."

"అక్కడ మన ఝాన్సీ కనిపిస్తుందా?"

"కనిపించదని తెలుసు. లోపల చీకటిగా ఉంటుందా, చలేస్తుందా, అది ఎంత భయపడిపోయిందో... పడుకున్నా అదే, లేచినా అదే. ఒక్కసారి దిగి చూడకపోతే నాకు పిచ్చెక్కేట్టుంది."

ఆమె అట్లాసుని తన వైపుకి తిప్పుకుంది.

"నీళ్లు బాగా తేటగా ఉండేది ఏదండీ?"

"ఇదిగో, ఈ చిన్నది. టొబాగో."

"అయితే అక్కడికే వెళ్దాం. నేనూ దిగుతాను."

"నీకు ఈత రాదుగా."

"పిల్లకి మాత్రం వచ్చా ఏంటండీ?"